బిడ్డను కోరుకునే వేళ కాళ్ళ సంగతి

నిలబడి ఉన్న మనిషి గుండెకూ చీలమండకూ మధ్య ఎత్తు సుమారు నాలుగడుగులు. ఆ పొడవునా సిరల్లో రక్తం నిండి ఉంటుంది కాబట్టి దాని బరువంతా అడుగున ఉన్న సిర గోడ మీద పడుతుంది. చీలమండ దగ్గర కొలిస్తే 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. బీపీ చూపించుకున్నప్పుడు డాక్టరు చెప్పే రెండంకెల్లో కింది అంకె కూడా దాదాపు అంతే. కాకపోతే అది ధమనిలోని పీడనం. గుండె తోపును తట్టుకోవడానికి ధమని గోడ దళసరిగా తయారై ఉంటుంది. సిర గోడ పలచన. కదలకుండా నిలబడిన ప్రతి నిమిషమూ కాలి సిర తన శక్తికి మించిన బరువు మోస్తోందన్నమాట.

దాన్ని కాపాడేది నడక. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, తన నడుమ ఉన్న సిరల్ని నొక్కి, రక్తాన్ని పైకి ఎగదోస్తుంది. కండరం వదులైనప్పుడు ఆ రక్తం మళ్ళీ కిందికి జారకుండా సిర లోపలి కవాటాలు మూసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కాలితో ఓ పది పన్నెండు అడుగులు వేస్తే చాలు, చీలమండ దగ్గరి పీడనం 20–30కి దిగిపోతుంది. ఆగి నిలబడితే అర నిమిషంలో మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ కవాటాలకు బొమ్మలు గీసి 1603లో పుస్తకం వేసినవాడు ఫాబ్రీషియస్. ఇటలీలోని పాడువాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడు. రక్తమంతా కాళ్ళూ చేతుల్లోకి ఒక్కసారిగా దిగిపోకుండా అవి దాని వేగం తగ్గిస్తాయని ఆయన అనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వీ అసలు విషయం పట్టుకున్నాడు. కవాటాలు రక్తాన్ని గుండెవైపుకే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. 1628లో అచ్చయిన తన పుస్తకంలో హార్వీ చూపించిన పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. చేతిని కాసేపు కిందికి వేలాడేస్తే ముంజేతి మీద సిరలు తేలుతాయి. వాటి మీద అక్కడక్కడా చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. కవాటాలుండేది అక్కడే. ముడికి రెండంగుళాలు దిగువన, మణికట్టు వైపు, రెండో చేతి బొటనవేలితో సిరను నొక్కిపట్టండి. చూపుడువేలితో సిరలోని రక్తాన్ని ముడి దాటేదాకా మోచేతివైపు రాసి, ఆ వేలు తీసేయండి. ముడికి ఎగువన సిర నిండుగానే ఉంటుంది, ముడికీ బొటనవేలికీ మధ్య మాత్రం ఖాళీగా అణిగిపోయి ఉంటుంది. పైనున్న రక్తం కిందికి రాదు. బొటనవేలు ఎత్తగానే మణికట్టు వైపునుంచి వచ్చి నిండుతుంది.

కాళ్ళలో సిరలు ఉబ్బినవారిలో ఈ పరీక్ష తిరగబడుతుంది. సిర పైనుంచే నిండుతుంది.

కాలిలో సిరలు రెండు వరసలు. కండరాల లోపల ఉండేవి పెద్దవి. కాలినుంచి గుండెకు పోయే రక్తంలో పదింట తొమ్మిది వంతులు వాటి గుండానే వెళ్తుంది. చర్మం కింద కొవ్వులో ఉండేవి రెండో వరస. వాటిలో ముఖ్యమైనది చీలమండ లోపలివైపు మొదలై, మోకాలి పక్కగా తొడెక్కి, గజ్జల్లో లోపలి సిరతో కలుస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన సిర ఇదే. స్కాన్ రిపోర్టుల్లో ‘జీఎస్‌వీ’ అని రాసేది దీన్నే. గుండెకు బైపాస్ చేసేటప్పుడు కాలినుంచి తీసి వాడేది కూడా చాలామట్టుకు దీన్నే. ఈ సిర గోడ సాగి వెడల్పయితే లోపలి కవాటం రెక్కలు రెండూ ఒకదానికొకటి అందవు, ద్వారబంధం పక్కకు జరిగిన ఇంటి తలుపుల్లాగా. రెక్కలకు ఏమీ కాకపోయినా మధ్యలో సందు పడుతుంది. సందులోంచి రక్తం కిందికి కారుతుంది, కింది సిర మరింత సాగుతుంది, అక్కడి కవాటం కూడా లీకవుతుంది. పైనుంచి కిందిదాకా ఇలా ఒకదాని వెంట ఒకటి చెడుతూ వచ్చి, చివరికి పిక్కమీద వంకరటింకరగా, నీలంగా, తాళ్ళలా తేలతాయి. వెరికోస్ వెయిన్స్ అంటే ఇవి.

సిర గోడ అంత సులువుగా ఎందుకు సాగుతుందంటే, సగం జవాబు ఇంట్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాలను పరిశీలించి 1994లో వేసిన లెక్క ప్రకారం, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 90 శాతం. ఒక్కరికే ఉంటే కూతుళ్ళకు 62, కొడుకులకు 25 శాతం. ఎవరికీ లేకపోయినా 20 శాతం. అది చిన్న అధ్యయనమే గానీ, మీ అమ్మ కాళ్ళు, అమ్మమ్మ కాళ్ళు ఎలా ఉండేవని డాక్టరు అడగడంలో అర్థముందని తెలుస్తుంది.

ఇక పెళ్ళై, బిడ్డ కోసం అనుకుంటున్న అమ్మాయిని వెంటబెట్టుకొచ్చిన తల్లి డాక్టర్ని అడిగే మొదటి మాట తరచూ ఇలా ఉంటుంది: “ఈ నరాలతో మా అమ్మాయికి కడుపు నిలుస్తుందా అండీ?”

నిలుస్తుంది. కాలి సిరలకూ గర్భం రావడానికీ సంబంధం లేదు. వచ్చిన గర్భానికీ, లోపల పెరిగే బిడ్డకూ ఈ సిరల వల్ల హాని లేదు. ఉబ్బిన సిరలకూ సంతానానికీ నిజంగా లంకె ఉన్నది మగవాళ్ళలో. వృషణాల చుట్టూ ఉండే సిరలు ఉబ్బితే దాన్ని వెరికోసీల్ అంటారు. వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గడానికి గల కారణాల్లో అదొకటి. పిల్లలు కలగడం ఆలస్యమైతే కోడలి కాళ్ళకేసి చూసే ఇల్లు, కొడుకు పరీక్ష మాటెత్తదు. ఆ సంగతి అలా ఉంచి అసలు విషయానికి వద్దాం. సిరలు గర్భాన్ని పాడుచేయవు గానీ గర్భం సిరల్ని కష్టపెడుతుంది. ముందుగా ఆలోచించవలసింది దాని గురించే.

పెరిగిన గర్భసంచి బరువు కాళ్ళ సిరల మీద పడుతుందని అందరికీ తోచే కారణం. అదీ నిజమే, కానీ అది తర్వాతి కథ. చాలామందిలో సిరలు తేలడం మొదటి మూడు నెలల్లోనే మొదలవుతుంది. అప్పటికి గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యే ఉంటుంది, ఏ సిరనూ నొక్కే పరిమాణానికి రాదు. ఆ దశలో పనిచేసేది హార్మోను. గర్భసంచి కండరం తొందరపడి బిగుసుకోకుండా ప్రొజెస్టెరాన్ దాన్ని వదులు చేస్తుంది. అదే జాతి కండరం సిర గోడలోనూ ఉంది, పేగుల్లోనూ ఉంది. అందుకే నెల తప్పిన కొత్తలోనే ఒకవైపు మలబద్ధకం, మరోవైపు కాళ్ళలో బరువు.

తర్వాత రక్తం పెరుగుతుంది. నెలలు నిండేసరికి తల్లి ఒంట్లో రక్తం మామూలుకన్నా 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. అదనంగా వచ్చిందాన్ని దాచుకోవడానికి సిరలు వదులైతేనే చోటు దొరుకుతుంది. అందరికీ తోచే బరువు ఆఖరున వస్తుంది. ఏడో నెల దాటాక వెల్లకిలా పడుకున్నప్పుడు గర్భసంచి వెళ్ళి కడుపులోని మహాసిర మీద కూర్చుంటుంది. తొడల్లోని సిరల్లో పీడనం మామూలుకు రెండు మూడింతలవుతుంది. ఎడమకాలికి కష్టం ఇంకాస్త ఎక్కువ. ఎడమకాలి రక్తాన్ని తెచ్చే పెద్ద సిర కటిలోకి వచ్చాక, కుడికాలికి పోయే ధమని దాన్ని దాటుకుంటూ పైనుంచి పోతుంది. వెనక వెన్నెముక, ముందు ధమని, మధ్యలో సిర. దీనికి తోడు గర్భసంచి. గర్భిణుల్లో లోపలి సిరల్లో గడ్డ కట్టడమంటూ జరిగితే పదింట ఎనిమిదిసార్లకు పైగా ఎడమకాలిలోనే జరగడానికి ఇదే ముఖ్య కారణం.

గడ్డ అనే మాట వచ్చింది కాబట్టి అక్కడ కొంచెం ఆగాలి. ఉబ్బిన సిరల్ని చూసి జనం భయపడేది వాటి రూపానికి, నొప్పికి. నిజంగా భయపడవలసినది లోపల కట్టే గడ్డకి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పోతుంటుంది. కాన్పులో మావి ఊడిన క్షణాన ఆ రక్తనాళాలన్నీ నోళ్ళు తెరుచుకుంటాయి. వాటిని మూసేది ముందుగా గర్భసంచి బిగుసుకోవడం, ఆపైన రక్తం గడ్డకట్టడం. అందుకోసం ఒళ్ళు నెలల ముందునుంచే సిద్ధపడుతుంది. గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లు పెరుగుతాయి, గడ్డను అదుపులో ఉంచే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. కాన్పులో తల్లి ప్రాణం నిలబెట్టే ఈ ఏర్పాటే, నెమ్మదిగా పారే కాలి సిరలో ప్రమాదమవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్షో 1850ల్లో చెప్పిన వివరణను వైద్య విద్యార్థులు ఇప్పటికీ మూడు మాటల్లో గుర్తుపెట్టుకుంటారు: రక్తం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. గర్భిణిలో మొదటిదీ మూడోదీ ఎప్పుడూ ఉంటాయి, కాన్పుతో రెండోదీ వచ్చి చేరుతుంది. గర్భం లేని అదే వయసు స్త్రీతో పోలిస్తే గర్భిణికి ఈ ముప్పు నాలుగైదు రెట్లు. అయినా వెయ్యి గర్భాల్లో ఒకటి రెండింటికే జరుగుతుంది. కాన్పయిన మొదటి ఆరు వారాల్లో ముప్పు అన్నిటికన్నా ఎక్కువ.

అందుకని, బిడ్డ కోసం అనుకుంటున్నప్పుడు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఈ సిరల్ని తీయించుకోవాలా వద్దా అన్నది కాదు. లోపలి సిరలు ఎలా ఉన్నాయి, ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ కట్టిందా, అమ్మకో అక్కకో అలా జరిగిందా అన్నవి ముందు తేలాలి. దీనికి డాప్లర్ స్కాన్ చాలు. సూది లేదు, రేడియేషన్ లేదు, అవసరమైతే గర్భంతో ఉన్నప్పుడూ చేయొచ్చు. ఎలా చేస్తారో తెలిసి ఉంటే సరిగా చేశారో లేదో కూడా తెలుస్తుంది. కవాటాల లీకు చూడాలంటే మనిషి నిలబడాలి. చూస్తున్న కాలిని కాస్త వంచి వదులుగా ఉంచి, బరువంతా రెండో కాలిమీద వేయమంటారు. గజ్జల్లో జెల్ రాసి ప్రోబు ఆనించి, ఇంకో చేత్తో పిక్కను గట్టిగా పిసికి వదిలేస్తారు. పిసికినప్పుడు రక్తం పైకి పోయిన గీత తెరమీద ఒకవైపు లేస్తుంది. వదిలాక మంచి సిరలో గీత వెంటనే ఆగుతుంది. లీకున్న సిరలో రెండోవైపుకు తిరిగి సాగుతూ పోతుంది. పై వరస సిరల్లో ఆ సాగడం అర సెకను దాటితే కవాటం చెడినట్టు లెక్క. బల్లమీద పడుకోబెట్టి మాత్రమే చేసిన స్కాను గడ్డ ఉందో లేదో చెప్పగలదు గానీ, లీకు గురించి దాని మాట నమ్మడం కష్టం.

ఇంకో కారణంతోనూ ఈ స్కాన్ ముందు జరగాలి. లోపలి సిర ఎప్పుడో గడ్డతో మూసుకుపోయి ఉంటే, పైన ఉబ్బి కనిపించే సిరే రక్తానికి మిగిలిన దారి కావచ్చు. దాన్ని మూయిస్తే కాలికి మేలుకన్నా కీడే ఎక్కువ.

తర్వాతి ప్రశ్న, చికిత్స ఇప్పుడా, పిల్లలు పుట్టాకా? పాతకాలపు సలహా ఒక్కటే: కుటుంబం పూర్తయ్యాక చూద్దాం. అది అర్థంలేని సలహా కాదు. అప్పట్లో చికిత్సంటే గజ్జల్లో కోసి సిరను ముడేయడం, తీగె దూర్చి మొత్తం సిరను లాగేయడం. 1890 ప్రాంతంలో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ సిరను ముడేయడం, 1907లో అమెరికన్ సర్జన్ బాబ్‌కాక్ లాగేయడం నేర్పారు. మత్తిచ్చి, ఆస్పత్రిలో ఉంచి, అంతా చేశాక ఇంకో కాన్పుతో మళ్ళీ కొత్త సిరలు తేలేవి. ఇప్పుడు చాలామందికి కోతలేదు. మోకాలి దగ్గర సూదిపోటు పెట్టి సన్నని గొట్టం ఎక్కించి, లేజర్‌తోనో రేడియో తరంగాలతోనో లోపలినుంచి సిరను వేడిచేసి మూసేస్తారు. చుట్టూ తిమ్మిరి మందు, అదేరోజు నడిచి ఇంటికి. చిన్నచిన్న సిరలకు నురగలాంటి మందు ఎక్కించి మూసే పద్ధతి ఉంది. పద్ధతులు మారాయి గానీ గర్భం మారలేదు. చికిత్స చేయించుకున్నాక గర్భం వస్తే కొత్తవి రావని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నా మటుకు నాకు సబబుగా తోచేది ఇది. సాయంత్రానికి కాలు వాచి, నొక్కితే గుంట పడుతోందా, చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి గట్టిపడుతోందా, పుండు పడి మానిందా, ఉబ్బిన సిర ఎర్రగా కంది నొప్పి పెట్టిందా, ఎప్పుడైనా చిట్లి రక్తం కారిందా? వీటిలో ఏ ఒక్కటైనా ఉండి, స్కానులో లీకు కూడా కనిపిస్తే, గర్భానికి ముందే చికిత్స చేయించుకోవడం మేలు. సిరలు కనిపించడం తప్ప ఏ బాధా లేకపోతే, దాన్ని గర్భానికి ముందు చెల్లించాల్సిన బాకీలా చూడనక్కర్లేదు. సాలెగూటి దారాల్లా సన్నగా ఎర్రగా తేలే గీతలకైతే ముందే డబ్బు పోయడం దండగ. గర్భంతో అవి ఎటూ వస్తాయి, చాలావరకు పోతాయి. రోడ్డు పక్క హోర్డింగులు లేజర్ గురించి చెప్పేవన్నీ నిజమే అనుకున్నా, ఆ బొమ్మల్లోని కాళ్ళు తర్వాత గర్భం వస్తే ఎలా ఉంటాయో అవి చెప్పవు. ముప్పై అయిదు దాటిన ఆమె కాళ్ళ నునుపు కోసం గర్భాన్ని ఏడాది వెనక్కి నెట్టుకుంటే పోయే కాలం తిరిగిరాదు.

చేయించుకున్నాక వెంటనే గర్భం కోసం ప్రయత్నించకుండా కొన్ని నెలలు ఆగమని చెప్పడంలోనూ తర్కం ఉంది. వేడికి మూసుకుపోయిన సిర మెల్లగా ఎండి కుంచించుకుపోవడానికి నెలలు పడుతుంది. చికిత్స తర్వాతి తొలి వారాల్లో లోపలి సిరలోకి గడ్డ పాకే ముప్పు, తక్కువే అయినా, ఉంది. ఆ వారాలూ గర్భంతో గడ్డకట్టే గుణం పెరిగే వారాలూ ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం ఈ చికిత్సలు చేయరు. 2013లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎంతో అరుదైన పరిస్థితిలో తప్ప గర్భిణికి సిరల చికిత్స వద్దని రాసి ఉంది. ఎలాగూ సగం తగ్గిపోయేదాన్ని, బిడ్డ కడుపులో ఉండగా మూయించడంలో లాభం లేదు.

వాడుతున్న మందుల సంగతి గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. కాళ్ళ నొప్పికి డయోస్మిన్ రకం మాత్రలు ఇవ్వడం మన దగ్గర మామూలు. నెల తప్పాక వాటిని కొనసాగించాలా అన్నది మందులషాపులో తేలే ప్రశ్న కాదు. గతంలో గడ్డ కట్టి, మళ్ళీ కట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారికి ఇది మరింత ముఖ్యం. ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య ఆ మందు బిడ్డ ఎముకల్ని, ముఖాన్ని దెబ్బతీయగలదు. అలాగని ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే తల్లికి ప్రమాదం. బిడ్డకు చేరని హెపారిన్ ఇంజెక్షన్లకు ఎప్పుడు మారాలో ముందే రాసి పెట్టుకోవాలి.

గతంలో గడ్డ లేనివారికి ముప్పును పాయింట్లలో లెక్కవేసే పద్ధతి ఒకటి బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ తయారు చేసింది. వయసు 35 దాటితే ఒకటి, శరీర ద్రవ్యరాశి సూచిక 30కి చేరితే ఒకటి, సిరలు మోకాలిపైకి ఉబ్బినా బాధపెడుతున్నా ఒకటి. 36 ఏళ్ళ, సూచిక 30కి చేరిన, తొడదాకా సిరలున్న ఆమెకు మూడు పాయింట్లు వచ్చాయి. మూడు వస్తే 28వ వారం నుంచి, నాలుగు వస్తే మొదటినుంచీ రోజూ హెపారిన్ గురించి ఆలోచించమంటారు. సిరలు ఒక్కటే ఉన్న ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి ఒక్క పాయింటే. ఆమెకు ఇంజెక్షన్ అక్కర్లేదు. ఒకే రకం కాళ్ళున్న ఇద్దరికి వేరువేరు సలహాలు ఎందుకొస్తాయో ఈ లెక్కలో ఉంది.

గర్భం వచ్చాక మిగిలేది మేజోళ్ళు, నడక, కూర్చోవడం. బిగుతు మేజోళ్ళ గురించి అపోహ తొలగాలి. స్విట్జర్లాండులో 42 మంది గర్భిణులతో చేసి 2001లో ప్రచురించిన పరీక్షలో అవి కొత్త సిరలు రాకుండా ఆపలేకపోయాయి. కానీ గజ్జల్లో లీకు తగ్గింది, కాళ్ళు తేలికపడ్డాయి. అంటే అవి ఉపశమనానికే. అదేమీ చిన్న సంగతి కాదని సాయంత్రం చెప్పుల్లో కాలు పట్టనివారికి తెలుసు. వాటిని కొనేముందు చీలమండ, పిక్క చుట్టుకొలత ఉదయంపూట, వాపు లేనప్పుడు తీసుకోవాలి. సైజు అంచనామీద తెచ్చుకుంటే పైన బిగిసి కింద వదులై, మంచికన్నా చెడు చేస్తుంది. చక్కెర జబ్బుండి పాదాల్లో స్పర్శ తగ్గినవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

వేసుకోవడం ఒక విద్య. పొద్దున లేచి నేలమీద కాలు పెట్టకముందే, మంచంమీదే కూర్చుని వేసుకోవాలి. మెట్టెలు, పట్టీలు ముందు తీసి పక్కనపెట్టాలి. లేకపోతే మొదటిరోజే దారం పీకి మేజోడు చిరుగుతుంది. మడమ దాకా లోపలిభాగం బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగా కూర్చున్నాక, వేళ్ళ కొసలతో కాకుండా అరచేతులతో కొద్దికొద్దిగా పైకి జరుపుకోవాలి. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. పాదానికి పౌడరు చల్లుకుంటే జారుతుంది. ఏడో నెల వచ్చాక వంగడమే కుదరదు కాబట్టి ఈ పని భర్త నేర్చుకోవాలి. మే నెల ఎండల్లో విజయవాడలోనో, రామగుండంలోనో తొడదాకా వేసుకుని తిరగమనడం న్యాయం కాదు. మోకాలి కిందివరకుండేది కూడా చాలామందికి సరిపోతుంది, వేసుకోగలిగిందే పనికొస్తుంది.

నీళ్ళలో భుజాల దాకా మునిగి నిలబడితే కాళ్ళ వాపు తగ్గుతుందని కొన్ని పరీక్షల్లో తేలింది. నీటి పీడనం చుట్టూ మేజోడులా పనిచేస్తుంది. ఈతకొలను అందుబాటులో ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు, లేనివాళ్ళకు నడకే ఆ పని చేస్తుంది.

నిలబడి చేసే ఉద్యోగాల మాట చెప్పకుండా ఈ అధ్యాయం ముందుకెళ్ళదు. బట్టల దుకాణాల్లో గిరాకీ ఉన్నా లేకున్నా పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చోనివ్వని అలవాటు మీద కేరళలోని కోళికోడ్ సేల్స్ మహిళలు ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాల్ని సవరించి ఉద్యోగులకు కూర్చునే వీలు కల్పించాలన్నాయి. మొదట్లో చెప్పిన 80–90 అంకె చీలమండ దగ్గర గంటల తరబడి తగ్గకుండా ఉండే ఉద్యోగాలివి. నర్సు, టీచరు, హోటల్ వంటమనిషి, బ్యూటీపార్లర్‌లో పనిచేసే అమ్మాయి, వీళ్ళెవరైనా గర్భం గురించి అనుకుంటుంటే కాళ్ళ గురించి డాక్టరుతో పాటు యజమానితోనూ మాట్లాడాలి. కూర్చునే వీలు లేని చోట మడమలెత్తి దించడం, కాలు మార్చడం, పావుగంటకోసారి నాలుగడుగులు వేయడం. పిక్క బిగిస్తే చాలు, సిరకు ఆ కాసేపు ఊరట.

పడుకునేటప్పుడు ఎడమపక్కకు తిరగమంటారు. మహాసిర వెన్నెముకకు కుడిపక్కగా ఉంటుంది కాబట్టి గర్భసంచి దానిమీదినుంచి తప్పుకుంటుంది.

కొందరికి కాళ్ళతో పాటు జననాంగం దగ్గర కూడా సిరలు ఉబ్బుతాయి. బరువుగా, లాగినట్టు ఉంటుంది. సిగ్గుపడి భర్తకూ చెప్పరు, స్కాన్‌కి వెళ్ళినప్పుడూ చెప్పరు. ఇది గర్భిణుల్లో అరుదు కాదు, మామూలు కాన్పుకు అడ్డూ కాదు. కాన్పు తర్వాత కొన్ని వారాల్లో చాలావరకు పోతుంది. ముందే చెబితే కాన్పు చేసేవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు.

ఉబ్బిన సిర పొరపాటున గీసుకుని చిట్లితే రక్తం చూసి గుండె జారుతుంది. నిలబడి కడుక్కోవడానికి బాత్రూముకు పరిగెత్తడమే ఎక్కువమంది చేసే పని. అదే తప్పు. అక్కడికక్కడే పడుకుని, కాలు గోడకో కుర్చీకో పైకెత్తి ఆనించి, శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కిపట్టుకోవాలి. నాలుగడుగుల బరువు పోయాక రక్తం తనే ఆగుతుంది. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్ళాలి.

వాపుల్లో తేడా తెలియాలి. సాయంత్రం రెండు పాదాలూ సమానంగా వాచి పొద్దుటికి తగ్గితే గర్భంలో అది మామూలు. ఒక్క కాలే, ముఖ్యంగా ఎడమది, పిక్కో తొడో వాచి నొప్పి పెడుతుంటే అదే రోజు చూపించుకోవాలి. టేపుతో కొలిస్తే రెండు పిక్కల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే డాక్టర్లు పట్టించుకుంటారు. దాంతోపాటు ఆయాసం, గుండెల్లో పోటు, దగ్గితే రక్తం పడడం ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బి తలనొప్పి వస్తే అది సిరల గొడవ కాదు, బీపీ. దాన్నీ వెంటనే చూపించుకోవాలి.

కాన్పు తర్వాత మన ఇళ్ళలో మొదలయ్యే కొన్ని పద్ధతుల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. బాలింతను మంచం దిగనివ్వకపోవడం, కుట్లు చీము పడతాయనో పొట్ట పెరుగుతుందనో నీళ్ళు కొలిచి ఇవ్వడం. ముప్పు అన్నిటికన్నా ఎక్కువున్న ఆరు వారాల్లోనే రక్తం చిక్కబడేలా, కదలిక తగ్గేలా చేసే పద్ధతులివి. మన రాష్ట్రాల్లో సిజేరియన్లు ఎక్కువ కావడంతో ఇది ఇంకా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి అది 21.5 శాతం. ఆపరేషన్ ఒక్కటే గడ్డ ముప్పును పెంచుతుంది. ఆపరేషన్ అయిన మర్నాటికల్లా పక్కనుంచి లేపి నడిపించాలి, దాహమైనన్ని నీళ్ళు ఇవ్వాలి. ముప్పు ఎక్కువని లెక్కలో తేలినవారికి కనీసం పది రోజులు హెపారిన్ ఇస్తారు. దాన్ని ఇంటికొచ్చాక సగంలో మానేయకూడదు. నూనెతో ఒళ్ళు మర్దన చేయించుకోవడంలో తప్పులేదు గానీ, ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే దాన్ని రుద్దనివ్వకూడదు. గడ్డ కదిలితే ఊపిరితిత్తులకు పోతుంది.

సిరల్లో చాలా భాగం కాన్పయిన మూడు నాలుగు నెలల్లో వెనక్కి తగ్గుతాయి, కొన్నింటికి ఏడాది పడుతుంది. అందుకే బిడ్డకు మూడు నెలలు నిండకముందే లేజర్ కోసం పరిగెత్తడం తొందరపాటు. పోయేవి పోనిచ్చి, మిగిలినవాటికి మళ్ళీ నిలబడి స్కాన్ చేయించుకుంటే, ఏది మూయాలో స్పష్టంగా తెలుస్తుంది. నురగ మందు ఎక్కించుకోవాలంటే పాలిచ్చే సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండో బిడ్డకు ఎడం కోసం వాడే పద్ధతి విషయంలోనూ కాళ్ళ పేరుచెప్పి అనవసరంగా భయపెడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వెరికోస్ వెయిన్స్ ఉన్నంత మాత్రాన గర్భనిరోధక మాత్రలకు అడ్డేమీ లేదు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వద్దనేది ముఖ్యంగా లోపలి సిరలో గడ్డ కట్టినవారికి, పాలిచ్చే తల్లులకు మొదటి ఆరు నెలల్లో. కాపర్‌-టీకి సిరలతో సంబంధమే లేదు. ప్రతి కాన్పుతోనూ సిరలు కాస్త సాగుతాయి కాబట్టి, రెండోసారి అనుకునేటప్పుడు మొదటి గర్భంలో ఏ నెలలో ఏ కాలు వాచింది, పుట్టాక ఎన్నాళ్ళకు తగ్గింది, ఇంజెక్షన్లేమైనా తీసుకున్నారా అన్న వివరాలు రాసి ఉంచుకుంటే, డాక్టరు పాయింట్ల లెక్క అక్కడినుంచే మొదలుపెడతారు.